దత్తమండలములలో మన్రో దొర

మన అనంతపురపు పీఠభూమిలో ఇల్లు కట్టుకొనువాడు గోడ లేపుటకు ముందు నీటిని గూర్చి విచారించును. ఏటికి సగటున ఇరువది రెండంగుళముల వాన. అదియు నే యేడు కురియునో యే యేడు తప్పునో చెప్పజాలము. ఇట్టి సీమకు 1800 సంవత్సరమున నొక స్కాట్లండు దేశస్థుడు వచ్చి, ఏడేండ్లు గుడారములలో కాపురముండి, రైతుల నోట తన పేరు నిలుపుకొనెను. ఆయనయే సర్ తామస్ మన్రో. పరదేశమున నివాస మేర్పరచుకొనుట యనగా నేమో యీయన చరిత్రమువలన తెలియవచ్చును గనుక దానిని మా చదువరులకు చెప్పదలచితిమి.

మన్రో 1761 మే 27వ తేదీన గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి అమెరికాలోని వర్జీనియాతో వర్తకము చేయుచుండెను. అమెరికావారు స్వాతంత్ర్యమునకై యుద్ధమునకు దిగగా ఆ వర్తకము చెడి, కుటుంబము దారిద్ర్యమున పడెను. అందుచేత కొడుకు కుంపిణీ సైన్యమున చేరి 1780 జనవరిలో చెన్నపట్టణమున దిగెను. హైదరాలీతోడి యుద్ధమున నడచెను. కొంతకాలమునకు ఆయనయు తమ్ముడును తమ జీతములలో మిగిల్చి యేటేట తల్లిదండ్రులకు సొమ్ము పంపుచుండిరి. పుట్టినయిల్లు నిలుపుటకే యిల్లు విడిచిన కుమారులు నేటికిని మన పల్లెలలో నెందరో కలరు.

1792 మొదలు బారామహలున శిస్తు వ్యవహారములు చూచుచు, ధర్మపురిలో ముచ్చటపడి యొక తోట పెంచెను. అది విడువవలసినప్పుడు మిక్కిలి నొచ్చుకొనెను. పిమ్మట కన్నడ తీరమునకు పంపబడెను గాని యచ్చటి యెడతెగని వాన ఆయనకు సరిపడలేదు. అందుచేత దత్తమండలముల యుద్యోగము కోరి తెచ్చుకొనెను. వానకు విసిగి మన సీమకు వచ్చినవాడు ఈయన యొక్కడే కాబోలు!

నైజాము 1800లో కుంపిణీవారికి వదలిన బళ్లారి, కడప మున్నగు ప్రాంతములకే దత్తమండలములని పేరు. రాయలసీమ యను పేరు 1928లో నంద్యాల సభనాటిది. అప్పుడు దేశము యుద్ధములచేత చితికియుండెను; పాలెగాండ్రు ఎనుబదిమంది వరకు నుండిరి. మన్రో వారి కోటలను, సైన్యములను తీసివేసి, కొందరిని వెడలగొట్టి, కొందరికి భరణము లేర్పరచెను. ఒకరి యధికారము నిలుచుటకు మరియొకరు నిలువ నీడలేనివారైరనుటయు చరిత్రలోనిదే.

అనంతపురము ఆయనకు ముఖ్యస్థానము. అయినను ఏడాదిలో అధికభాగము ఊరూర గుడారము వేయించుకొని తిరుగుచు, ఉదయము మొదలు ప్రొద్దుగ్రుంకువరకు రైతుల మొరలు వినుచుండెను. 1802లో భూముల కొలత ప్రారంభమైనప్పుడు ఆ పని తెలిసినవారు ఆయన కచేరిలోని గుమాస్తాలు నలుగురే యుండిరి. ముప్పదిమూడడుగుల గొలుసుతో కొలిచిరి. అంత పొడవును వెడల్పును గల చదరములు నలుబది చేరిన ఒక యెకరమగును. మా విద్యార్థులు లెక్కించి చూచుకొనవచ్చును.

శిస్తు తేలికగా నుండెనని మేము చెప్పజాలము. ఆ యేడేండ్లలో కుంపిణీ రాబడి సుమారు సగము హెచ్చెను. కాని ఆ బరువును కన్నులార చూచినవాడు మన్రోయే. 1807లో సీమ విడుచుచు, శిస్తులో నాలుగవవంతు తగ్గింపవలెననియు, బావులక్రింది భూములకు మూడవవంతువరకు తగ్గింపవలెననియు వ్రాసెను. ప్రభుత్వము అప్పుడు వినలేదు, ఊళ్లను గుత్తలకిచ్చెను. తాను గవర్నరయిన పిదపనే యా మాట చెల్లించుకొనగలిగెను.

స్వదేశమునకు ఇరువదియెనిమిదేండ్లకు తిరిగిపోయిన మన్రో, తాను బాల్యమున ఈదులాడిన కెల్విన్ ఏటి గట్టున ఒంటరిగా తిరిగి చూచెను. ఏరు అట్లేయున్నది; తోడివారు లేరు. ఆ యిల్లు ఆయనను నిలుపలేదు. 1814లో జేన్ క్యాంబెల్‌ను వివాహమాడి ఆమెతో మరల చెన్నపట్టణము చేరెను. 1820లో గవర్నరై, గిండీలో భార్యతోగూడి తోటయు నిల్లును చూచుకొనుచు కొంతకాలము సుఖించెను. 1826లో చిన్న కుమారునికి జబ్బుచేసి తల్లీబిడ్డలు ఓడయెక్కగా, ఆ గదులును తోటయు ఆయనకు శూన్యములై తోచెను. తానును పని మానుకొన గోరి యెప్పుడో వ్రాసికొనియుండెను గాని బర్మా యుద్ధము అడ్డుపడెను. తరువాత క్రొత్త గవర్నరు రాక ఆలస్యమయ్యెను.

ఆ వ్యవధిలో నింటికి పోవువాడు చేయవలసిన పని యొకటి ఆయనకు తోచెను: దత్తమండలములను కడసారి చూచివచ్చుట. 1827 మే మాసాంతమున బయలుదేరెను. జూలై తొలిదినములలో గుత్తి చేరునప్పటికి దండులో వాంతిభేది ప్రబలియుండెను. 6వ తేదీ ఉదయము పత్తికొండ మజిలీలో ఆయనకును ఆ జాడ్యము సోకి, ఆ రాత్రియే ప్రాణము విడిచెను. మరునాడు శరీరమును గుత్తికి తెచ్చి కోట దిగువను పాతిపెట్టిరి. భార్యాబిడ్డలు స్కాట్లండులో ఆయన రాకకై యెదురుచూచుచుండిరి.

1831లో ఆ యస్థికలను చెన్నపట్టణపు కోటలోని సెంటు మేరీ దేవాలయమునకు కొనిపోయిరి. 1839లో చెన్నపట్టణమున అశ్వారూఢమైన విగ్రహము నిలిపిరి. దానికి జీనును రికాబులును లేకుండుట చూచువారు నేటికిని చెప్పుకొందురు. దత్తమండలములలోనో, పుట్టిన బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టిరని వాడుక. పత్తికొండలో ఆయన మరణించినచోట ప్రభుత్వమువారు ఒక తోపు వేయించి, రాతిమెట్ల బావి త్రవ్వించిరి.