పిచ్చికుక్క కాటును జయించిన లూయీ పాశ్చర్



మీలో కొందరి ఇళ్లలో కుక్కలు ఉన్నాయి. సంవత్సరానికి ఒకసారి ఇంటి పెద్దలు దానిని పశువైద్యుని వద్దకు తీసికొనిపోయి, టీకా వేయించి, ఆ తేదీని ఒక చిన్న పుస్తకంలో వ్రాయించుకొని వస్తారు. ఏ జబ్బూ లేక, తోక ఊపుతూ, పెట్టినదంతా తిని తిరుగుతున్న కుక్కకు సూదిమందు ఎందుకని మీరు అడిగి ఉండవచ్చు. ఆ ప్రశ్నకు జవాబు నూరేళ్లకు పూర్వమే మరణించిన ఒక ఫ్రెంచి శాస్త్రజ్ఞుని జీవితంలో ఉన్నది. ఆయన పేరు లూయీ పాశ్చర్. ఆయన వైద్యుడు కాదు, పశువైద్యుడూ కాదు. రసాయన శాస్త్రం చదివినవాడు.

లూయీ 1822వ సంవత్సరం డిసెంబరు 27వ తేదీన ఫ్రాన్సు దేశంలోని డోల్ అనే పట్టణంలో జన్మించాడు. తండ్రి నెపోలియన్ సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. తోళ్లు పదును చేసి అమ్ముకొని కుటుంబాన్ని పోషించేవాడు. తరువాత వారు ఆర్బువా అనే ఊరిలో స్థిరపడ్డారు. బడిలో లూయీ మొదట అంత గొప్ప విద్యార్థి ఏమీ కాదు. బొమ్మలు గీయడం అతనికి ఎక్కువ ఇష్టం. తల్లిదండ్రులను, ఇరుగుపొరుగువారిని రంగులతో చిత్రించేవాడు. ఆ చిత్రాలు నేటికీ ఉన్నాయి. పదిహేనవ ఏట పై చదువుకు పారిస్ నగరానికి పంపితే, ఇంటిమీద బెంగపెట్టుకొని నెల తిరగకముందే వెనుకకు వచ్చేశాడు. మన తరగతిలో మొదటి వారం ఏడ్చినవారు ఈ మాటను గుర్తుంచుకొనవచ్చును.

అతనికి ఎనిమిదేళ్లు నిండిన తరువాత, 1831లో, ఆ ప్రాంతంలో ఒక ఘోరం జరిగింది. పిచ్చిపట్టిన తోడేలు ఒకటి ఊళ్లమీద పడి దారిలో కనబడినవారినెల్లా కరిచింది. ఆ కాలంలో దానికి తెలిసిన చికిత్స ఒక్కటే: గాయాన్ని ఎర్రగా కాల్చిన ఇనుముతో వాత పెట్టడం. కరవబడినవారిని కమ్మరి కొలిమికి తీసికొనిపోయేవారు. ఆ ఊరి కమ్మరి పాశ్చర్ ఇంటికి చేరువలోనే ఉండేవాడు. వాతలు పెట్టినా ఎందరో మరణించారు. ఈ సంగతి ఆ బాలుని మనస్సులో నాటుకొని పోయిందని ఆయన జీవితచరిత్ర వ్రాసినవారు చెబుతారు.

తరువాతి నలభై ఏళ్లను త్వరగా దాటుదాము. పాశ్చర్ పారిస్‌లో చదివి ఆచార్యులయ్యారు. 1849లో మారీ లోరాన్ అనే యువతిని వివాహమాడారు. ఆమె ఆయనకు ఇల్లాలే గాక లేఖకురాలు కూడా; రాత్రులందు ఆయన చెప్పినదంతా వ్రాసిపెట్టేది. పాలు, ద్రాక్షసారాయి వంటివి పులియడానికీ చెడిపోవడానికీ కంటికి కనబడని సూక్ష్మజీవులు కారణమని ఆయన నిరూపించారు. మీరు దుకాణంలో కొనే పాల పెట్టెపై ఈనాటికీ ఆయన పేరు ఉన్నది: పాశ్చరైజ్ చేసిన పాలు అంటే ఆయన చూపిన పద్ధతిలో వేడిచేసిన పాలు. పట్టుపురుగుల రోగాన్ని గూర్చి కూడా పరిశోధించారు. ఆ సంవత్సరాలలోనే ఆయన ఐదుగురు బిడ్డలలో ముగ్గురు కుమార్తెలు చనిపోయారు. 1868లో ఆయనకు పక్షవాతం వచ్చి ఎడమ కాలు, ఎడమ చేయి సరిగా పనిచేయకుండా పోయాయి. అప్పటికి ఆయన వయస్సు 45 సంవత్సరాలు. ఇక నేను చెప్పబోయేదంతా ఆ తరువాత చేసిన పనియే.

1879లో ఆయన కోళ్ల కలరాను గూర్చి పరిశోధించసాగారు. ఆ రోగక్రిములను రసంలో పెంచి కోడికి ఎక్కిస్తే కోడి చనిపోయేది. వేసవి సెలవులలో ఆ రసం సీసాలలోనే నిలిచిపోయింది. తిరిగి వచ్చి ఆ పాత రసాన్ని ఎక్కించగా కోళ్లు కొంచెం నలతపడి మరల లేచి తిరిగాయి. తరువాత వాటికి కొత్తగా పెంచిన బలమైన క్రిములను ఎక్కించారు. అయినా అవి చావలేదు! పాత రసం రుచి ఎరుగని కోళ్లు మాత్రం చనిపోయాయి. ఇంకొకరైతే చెడిపోయిన సీసాలను పారబోసి ఊరుకొనేవారేమో. పాశ్చర్ ఆ సీసాలలోనే అసలు విషయాన్ని గ్రహించారు. క్రిమిని బలహీనపరచి ముందుగా ఎక్కిస్తే, శరీరం దానిని ఎదిరించడం నేర్చుకొంటుంది. తరువాత నిజమైన రోగం వచ్చినప్పుడు ఆ నేర్పు దానికి అక్కరకు వస్తుంది.

అంతకు చాలాకాలం ముందు ఇంగ్లండులో జెన్నర్ అనే వైద్యుడు ఆవులకు వచ్చే మశూచితో మనుష్యుల మశూచిని ఆపాడు. లాటిన్ భాషలో ఆవును వాక్కా అంటారు. వాక్సిన్ అనే మాట అక్కడి నుండే పుట్టింది. జెన్నర్‌పై గౌరవం చేతనే పాశ్చర్ ఆ మాటను అన్ని రోగాల టీకాలకూ వాడవలెనని ప్రతిపాదించారు. కావున ఈనాడు మీ కుక్కకు వేసే మందు పేరులో ఒక ఆవు దాగియున్నది.

1881 మే నెలలో పూయీ-ల-ఫోర్ అనే గ్రామంలో ఒక పెద్ద పరీక్ష జరిగింది. పశువులకు వచ్చే దొమ్మరోగానికి తాను టీకా తయారుచేశానని పాశ్చర్ ప్రకటించగా, ఒక పశువైద్యుడు అందరి ఎదుటా నిరూపించుమని కోరాడు. టీకా వేసిన గొర్రెలకూ వేయని గొర్రెలకూ మే 31న ఒకేసారి రోగక్రిములను ఎక్కించారు. జూన్ 2న రైతులు, పశువైద్యులు, విలేఖరులు గుమిగూడి చూడగా, టీకా వేసినవి మేత మేస్తున్నాయి. వేయనివి చాలావరకు చచ్చిపడి ఉన్నాయి. మిగిలినవి చూస్తూ ఉండగానే కూలిపోయాయి.

ఇంతకూ పిచ్చికుక్కల సంగతి ఏమైనది? 1880లోనే బూరెల్ అనే పశువైద్యుడు పిచ్చిపట్టిన రెండు కుక్కలను పాశ్చర్ ప్రయోగశాలకు పంపాడు. రేబీస్ అనే ఈ రోగానికి కారణమైన క్రిమి ఏ సూక్ష్మదర్శినిలోనూ కనబడలేదు. అది వైరస్; ఆనాటి అద్దాలకు అందనంత చిన్నది. కనబడని శత్రువును సీసాలో ఎలా పెంచుతారు? అది మెదడులో, వెన్నుపాములో నివసిస్తుందని పాశ్చర్, ఆయన శిష్యుడు ఎమీల్ రూ కనుగొన్నారు. లియోన్ నగరంలోని పశువైద్య ఆచార్యుడు గల్టియే అప్పటికే ఈ రోగాన్ని కుందేళ్లకు ఎక్కించి చూశాడు. ఆ దారి వీరికి ఉపకరించింది. రోగంతో చచ్చిన కుందేలు వెన్నుపామును సీసాలో వ్రేలాడదీసి ఆరబెడితే, దినదినానికీ దాని విషం తగ్గుతూ పదునాలుగు దినాలకు పూర్తిగా పోయేది. మొదట బాగా ఆరినది, తరువాత కొంచెం తక్కువ ఆరినది, ఇలా క్రమంగా కుక్కలకు ఎక్కిస్తే, చివరకు పిచ్చికుక్క కరిచినా వాటికి రోగం రాలేదు.

ఈ పని ఎంత ప్రమాదకరమో ఆలోచించండి. ఒకసారి నోట నురుగులు కక్కుతున్న బుల్‌డాగ్‌ను ఇద్దరు సహాయకులు బల్లపై అదిమి పట్టుకొనగా, పాశ్చర్ గాజు గొట్టాన్ని తన పెదవులతో పట్టి దాని నోటిలోని చొంగను పీల్చి తీశారని వ్రాసియున్నారు. అంత ధైర్యవంతునికీ జంతువుల బాధ చూడడం కష్టంగా ఉండేది. కుక్క తలకు రంధ్రం చేయవలసి వచ్చినప్పుడు ఆయన వెనుకాడారు. ఆ పని ఆయన లేనప్పుడు రూ చేశాడు. మరునాడు ఆ కుక్క మామూలుగా తిరుగుతూ ఉండడం చూసి పాశ్చర్ మనస్సు కుదుటపడింది. అయినా ఎన్నో జంతువులు ఈ పరిశోధనలలో చనిపోయాయి. మీతో ఆ సంగతి దాచడం నాకు ఇష్టం లేదు.

ఇక్కడ ఒక విషయం శ్రద్ధగా చదవండి. పాశ్చర్ మొదట టీకా వేయదలచినది మనుష్యులకు కాదు, కుక్కలకే. కుక్కకు రోగం లేకుంటే మనిషికి ఎక్కడి నుండి వస్తుంది? కానీ ఆయన లెక్క కట్టి చూశారు. పారిస్‌లోనే లక్ష కుక్కలు, మిగిలిన దేశంలో సుమారు 25 లక్షల కుక్కలు ఉన్నాయి. ఒక్కొక్క దానికి పలుమార్లు సూదిమందు వేయాలి. అన్ని కుందేళ్లు, అన్ని కొట్టాలు, అందరు మనుష్యులు ఎక్కడ దొరుకుతారు? ఆ కాలంలో అది జరిగే పని కాదు. కాబట్టి ఆయన మరొక దారి వెదికారు. కాటులోని విషం మెదడును చేరడానికి తరచుగా కొన్ని వారాలు పడుతుంది. ఆ లోపల టీకా వేస్తే శరీరం ముందుగా సిద్ధపడగలదు కదా!

1885 జూలై 6న ఆల్సాస్ నుండి ఒక తల్లి తన తొమ్మిదేళ్ల కొడుకును తీసికొని వచ్చింది. అతని పేరు జోసఫ్ మైస్టర్. రెండు దినాల క్రితం పిచ్చికుక్క అతనిని పదునాలుగు చోట్ల కరిచింది. పాశ్చర్‌కు వైద్యం చేసే అధికారం లేదు కనుక, గ్రాన్‌షే అనే వైద్యుడు సూదిమందు వేశాడు. పది పన్నెండు దినాలలో పదమూడు సూదులు పడ్డాయి. చివరివి మిక్కిలి బలమైనవి. పిల్లవాడు హాయిగా నిద్రించేవాడు. పాశ్చర్‌కే నిద్ర పట్టేది కాదు. బాలుడు బ్రతికాడు. పెద్దవాడైన తరువాత పాశ్చర్ సంస్థలోనే ద్వారపాలకుడుగా పనిచేశాడు. ఆయన నోటు పుస్తకాలను పిమ్మట పరిశీలించిన చరిత్రకారులు, ఈ బాలునికి వాడిన పద్ధతిని కుక్కలపై పరీక్షించడం అప్పటికి పూర్తి కాలేదని చూపించారు. నా అభిప్రాయంలో అది తొందరపాటే. కానీ వాకిట నిలిచిన ఆ తల్లిని తిరిగి పంపడం మాత్రం ఎవరికి సాధ్యం?

ఆ అక్టోబరులో జూపిల్ అనే గొర్రెల కాపరి బాలుడు తనకంటే చిన్న పిల్లలను కాపాడడానికి పిచ్చికుక్కతో పెనుగులాడి కాట్లు తిన్నాడు. అతడూ బ్రతికాడు. లూయీజ్ పెల్లెటియే అనే పదేళ్ల బాలికను మాత్రం కాటు పడిన 37 దినాలకు గాని తీసికొని రాలేదు. ఆలస్యమైనదని తెలిసి కూడా పాశ్చర్ ప్రయత్నించారు. ఆ పాప బ్రతకలేదు. ఆయన ఆమె పడక ప్రక్కనే కూర్చున్నారు.

లోకమంతటి నుండి వచ్చిన చందాలతో 1888లో పారిస్‌లో పాశ్చర్ సంస్థ ప్రారంభమైనది. అప్పటికి ఆయన చాలా బలహీనపడ్డారు. 1895 సెప్టెంబరు 28న విల్‌నవ్-లేతాన్ అనే చోట కన్నుమూశారు. పరిశోధనలకు కావలసిన కుక్కలను ఉంచే కొట్టాలు ఉన్న తోట అది. సెప్టెంబరు 28ని ఇప్పుడు ప్రపంచ రేబీస్ దినంగా పాటిస్తున్నారు.

ఆయన పేరిట సంస్థలు పలు దేశాలలో వెలిశాయి. 1907లో నీలగిరి కొండలలోని కూనూరులో ఒకటి ఏర్పడింది. మన ముత్తాతల ఊళ్లున్న విశాఖపట్నం ప్రాంతం అప్పుడు మద్రాసు రాజధానిలోనిది. ఆ రాజధానికంతటికీ కుక్కకాటు వైద్యానికి ఆ కొండమీది సంస్థ పెద్ద దిక్కు.

పాశ్చర్ తన కాలంలో చేయలేనిదని విడిచిపెట్టిన పని మన దేశంలోనే జరిగింది. 1952లో మలయాలో రేబీస్ వ్యాపించగా కుక్కలన్నిటికీ టీకా నిర్బంధం చేశారు, రోగం అణగిపోయింది. మా పెద్దల కాలంలో రబ్బరు తోటల లైన్లలో ఇంటింటికీ కుక్క ఉండేది. తెల్లవారకముందే చెట్లు గీయడానికి పోయేవారి వెంట అదీ పోయేది. ఆ కుటుంబాలకు ఈ టీకా ఎంత మేలు చేసినదో ఊహించుకొనండి. అయితే 2015లో పెర్లిస్, కెడా, పినాంగ్‌లలో రోగం మళ్లీ కనబడింది. 2017లో సరవాక్‌లో వ్యాపించింది. అక్కడ మొదట మరణించినవారు మీకన్నా చిన్నపిల్లలు. లక్షణాలు బయటపడిన తరువాత ఈ రోగానికి ఈనాటికీ మందు లేదు. మనుష్యులకు వచ్చే రేబీస్‌లో నూటికి 99 వంతులు కుక్కల వలననే వస్తుంది. ఒక ప్రాంతంలోని కుక్కలలో నూటికి 70కి టీకా వేస్తే రోగం పాకడం ఆగిపోతుంది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు వద్దాము. పెద్ద కుక్కకు మరల మరల టీకా ఎందుకు? మీరు గత సంవత్సరం చదివిన పద్యం పునశ్చరణ చేయకుంటే మరచిపోతారు కదా. శరీరం కూడా నేర్చుకొన్న పాఠాన్ని కొంతకాలానికి మరచిపోతుంది. రేబీస్ టీకాను మందును బట్టి ఏటేటనో మూడేళ్లకొకసారో వేస్తారు. డిస్టెంపర్, పార్వో అనే రోగాలకూ టీకాలున్నాయి. ఎలుకల మూత్రం వలన వచ్చే జబ్బుకు, మలయ్ భాషలో కెంచింగ్ తికుస్ అనేదానికి, ఏటేటా వేయాలి. అది మనుష్యులకూ అంటుతుంది. మన వంటి వేడి దేశంలో దోమకాటు వలన కుక్క గుండెలో పురుగులు పెరుగుతాయి. దానికి నెలనెలా మందు ఇస్తారు. ఆ ఏటి పరీక్షలో పశువైద్యుడు కుక్కను తూచి, పళ్లు, చెవులు చూసి, గుండె చప్పుడు విని, వెంట్రుకలలో పిడుదులు ఉన్నాయేమో వెదుకుతాడు.

కుక్క గాని పిల్లి గాని కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడగాలి. వెంటనే పెద్దలకు చెప్పి ఆసుపత్రికి పోవాలి. తిడతారని దాచవద్దు. ఈ సాయంత్రం ఇంటికి వెళ్లిన తరువాత మీ కుక్క టీకా పుస్తకాన్ని తెరచి చూడండి. అందులో చివరి తేదీ ప్రక్కన, మరల ఎప్పుడు రావలెనో వ్రాసి ఉంటుంది. ఆ తేదీ దాటిపోయి ఉంటే ఇంట్లో చెప్పండి.