షార్కో వైద్యుడు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో నిన్నటివరకు చక్కగా నడచిన మనిషి నేడు కాలు కదల్పలేకపోయినచో, చేయి ఎడతెగక వణకుచున్నచో, గాలి సోకినదని తాయెత్తు కట్టించువారు కొందఱు. వైద్యపరీక్షలలో ఏ దోషమును కానరానిచో వట్టి నటన యని తేల్చువారు మఱికొందఱు. ఈ రెండవ మాటయే రోగిని ఎక్కువ నొప్పించును. ఇట్టివారిది నటన కాదని వైద్యలోకమునకు గట్టిగా చూపినవారిలో అగ్రగణ్యుడు ఫ్రాన్సు దేశీయుడగు జాన్ మార్టిన్ షార్కో.

అతడు 1825వ సంవత్సరము నవంబరు 29వ తేదీన పారిస్ నగరమున బండ్లు చేయు పనివాని యింట జన్మించెను. 1862లో సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో వైద్యాధికారి యయ్యెను. పూర్వము తుపాకిమందు తయారైన ఆ స్థలమున అప్పుడు దిక్కులేని స్త్రీలు వేలకొలది యుండిరి. షార్కో వారి నడకను, వణకును ఏండ్ల తరబడి గమనించెను. మరణించినవారి మెదడును, వెన్నుపామును పరీక్షించి, ఏ లక్షణమునకు ఏ దోషము కారణమో నిర్ణయించెను. పార్కిన్సన్ వ్యాధికి ఆ పేరు పెట్టినవాడితడే. 1882లో నరముల వ్యాధులకు ప్రత్యేకముగా ఏర్పడిన ఆచార్యపదవి యితనికి లభించెను.

కాని కొందఱి విషయమున ఈ పద్ధతి పాఱలేదు. కాలు పడిపోయినది, వెన్నుపామున మచ్చయైన లేదు. దీనిని హిస్టీరియా యనిరి; స్త్రీలకే వచ్చునని చిరకాలము నమ్మిరి. కండలు తిరిగిన కార్మికులకును ఇది కలుగుట షార్కో చూపెను. పూలు చేరవేయు నొకడు తోపుడుబండితో పోవుచుండగా గుఱ్ఱపుబండి తగిలి పడిపోయెను. చక్రములు అతని కాళ్లపై ఎక్కనేలేదు. ఎక్కినవని మాత్రము అతడు దృఢముగా నమ్మెను. కాళ్లు రెండును పడిపోయెను. మనసున నాటుకొన్న భావము మనిషి యెఱుకలేకయే అవయవమును బంధింపగలదని షార్కో ఊహించెను. హిప్నాటిజమను కృత్రిమనిద్రలో నున్నవారి భుజముపై మెల్లగా తట్టి, అట్టి పక్షవాతమునే కలిగించి చూపెను. వియన్నానుండి వచ్చిన ఫ్రాయిడ్ 1885లో ఇవన్నియు నేర్చుకొనెను.

గొప్పవాని తప్పును దాచుట నాకిష్టము లేదు. షార్కో ఆ దీనురాండ్రను సభలో ప్రదర్శించెను. రచయితలు, చిత్రకారులు వేడుకగా వచ్చి చూచిరి. అతడేమి కోరుచున్నాడో గ్రహించి రోగులట్లే ప్రవర్తించుచున్నారని నాన్సీ నగరపు బెర్న్‌హైమ్ ఆక్షేపించెను. ఆ ఆక్షేపణలో చాల నిజము కలదు.

1893 ఆగస్టు 16న షార్కో మరణించెను. 1908లో హూవర్ అను అమెరికా వైద్యుడొక గుర్తును కనుగొనెను. పండుకొన్న రోగిని మంచి కాలు ఎత్తుమన్నచో, పడిపోయిన కాలి మడమ తనంతట తానే పడకను నొక్కును. నేటి వైద్యులు పక్షవాతము మున్నగు వ్యాధులను కూడ పరీక్షించి, పిదప ఈ గుర్తును రోగికే చూపుదురు. కాలికి బలమున్నదని అతడే తెలిసికొనును. అటుపై దృష్టిని మఱలించుచు అభ్యాసము చేయింతురు. అందఱికిని పూర్తిగా నయము కాదు. అయినను, వణకు చేయిని మఱచి రెండవ చేతితో తాళము వేయుమన్నచో, పెక్కుమందికి ఆ వణకు తాళమును అనుసరించును, లేదా కొంతసేపు ఆగిపోవును.