వి.ఓ.చిదంబరం పిళ్ళై

వి.ఓ.చిదంబరం పిళ్ళై (సెప్టెంబర్ 5, 1872 - నవంబర్ 18, 1936) స్వదేశీ ఉద్యమ నాయకుడు, ప్లీడరు, తమిళ పండితుడు. ఆంగ్లేయ నౌకా సంస్థకు పోటీగా స్వదేశీ నౌకా సంస్థను స్థాపించినందున తమిళులు ఈయనను ఓడ నడిపిన తమిళుడని పిలుస్తారు. రాజద్రోహ నేరముపై శిక్ష పడి, ఆ కారణముగా న్యాయవాద వృత్తిని కోల్పోయి, అనేక సంవత్సరాల తరువాత దానిని తిరిగి పొందాడు. న్యాయవాదులపై క్రమశిక్షణ చర్యల చరిత్రలో ఈయన జీవితము ఒక ముఖ్యమైన ఉదాహరణ.

బాల్యము, వృత్తి

చిదంబరం పిళ్ళై తిరునెల్వేలి జిల్లా ఒట్టపిడారంలో ఉలగనాథన్ పిళ్ళై, పరమాయి దంపతులకు జన్మించాడు. తండ్రి కూడా న్యాయవాదే. ప్లీడరు పరీక్షలో ఉత్తీర్ణుడై మొదట స్వగ్రామంలో వృత్తి ప్రారంభించాడు. 1900లో తూత్తుకుడికి తరలి వెళ్ళాడు. పేదల క్రిమినల్ కేసులు చేపట్టి పేరు తెచ్చుకున్నాడు.

ఆ కాలములో మద్రాసు రాష్ట్రపు మారుమూల కోర్టులలో కక్షిదారులకు ఆధారము ప్లీడర్లే. అనంతపురం జిల్లా గుత్తిలో ప్లీడరుగా ఉన్న పట్టు కేశవ పిళ్ళై వలె వీరిలో పలువురు రాజకీయాలలోను, పత్రికారంగములోను పాల్గొన్నారు. తెలుగు, తమిళ జిల్లాలకు హైకోర్టు ఒక్కటే. కుందుర్పి వంటి మెట్టసీమ గ్రామము నుండి వచ్చిన రైతు తరఫున వాదించే ప్లీడరైనా, తూత్తుకుడి రేవులో వాదించే ప్లీడరైనా అదే చట్టానికి, అదే హైకోర్టుకు లోబడి ఉండేవారు.

స్వదేశీ నౌకా సంస్థ

తూత్తుకుడి, కొలంబోల మధ్య నౌకాయానము బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ చేతులలో ఉండేది. దీనికి పోటీగా చిదంబరం పిళ్ళై 1906 అక్టోబరులో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీని నమోదు చేయించాడు. దీని మూలధనము 10 లక్షల రూపాయలు. దానిని 25 రూపాయల చొప్పున 40,000 వాటాలుగా విభజించారు. గాలియా, లావో అనే రెండు ఓడలను కొన్నారు. ఆంగ్లేయ కంపెనీ ఛార్జీలను బాగా తగ్గించి ఈ సంస్థను దెబ్బతీయ ప్రయత్నించింది.

రాజద్రోహ విచారణ

1908లో తూత్తుకుడి కోరల్ మిల్లు కార్మికుల సమ్మెకు చిదంబరం పిళ్ళై, సుబ్రహ్మణ్య శివ నాయకత్వము వహించారు. ఆ ఏడాది మార్చి 12న ప్రభుత్వము వారిని నిర్బంధించింది. మరునాడు తిరునెల్వేలిలో అల్లర్లు చెలరేగాయి. జూలైలో సెషన్సు జడ్జి ఏ.ఎఫ్.పిన్హే తీర్పు చెప్పాడు. రాజద్రోహానికి ఒక యావజ్జీవ ప్రవాస శిక్షను, శివకు తోడ్పడినందుకు మరొకదానిని విధించాడు. అప్పీలులో మద్రాసు హైకోర్టు శిక్షను తగ్గించింది. అదే సంవత్సరము తెలుగుదేశములో గాడిచర్ల హరిసర్వోత్తమ రావు కూడా రాజద్రోహ నేరముపై జైలుకు వెళ్ళాడు.

కోయంబత్తూరు జైలులో చిదంబరం పిళ్ళై చేత ఎద్దుకు బదులుగా నూనె గానుగను తిప్పించారు. తరువాత కన్ననూరు జైలుకు మార్చారు. ఆయన జైలులో ఉండగానే 1911లో నౌకా సంస్థ మూతపడింది. ఆ సంవత్సరము జూన్ 17న మణియాచ్చి రైల్వేస్టేషనులో కలెక్టరు ఆష్‌ను వాంఛినాథన్ కాల్చి చంపాడు. ఆ కుట్ర కేసులో ముద్దాయిల తరఫున వాదించిన వారిలో టంగుటూరి ప్రకాశం ఒకడు. చిదంబరం పిళ్ళై 1912 డిసెంబరులో విడుదలయ్యాడు.

సన్నదు రద్దు

శిక్షతో పాటు చిదంబరం పిళ్ళై ప్లీడరు సన్నదు కూడా రద్దయింది. నాటి ప్లీడర్లపై చర్యలకు ఆధారము 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్ల చట్టము. దీనిలో రెండు మార్గాలుండేవి. మొదటిది, వృత్తికి తగడని సూచించే గుణదోషము గల నేరములో శిక్ష పడిన ప్లీడరును హైకోర్టు సస్పెండు చేయవచ్చు లేదా తొలగించవచ్చు. రెండవది, కక్షిదారును మోసగించడము, దళారుల ద్వారా కేసులు సంపాదించడము వంటి దుష్ప్రవర్తన. దీనిలో క్రింది కోర్టు అధికారి ప్లీడరుకు ఆరోపణల ప్రతిని ఇచ్చి, విచారణ జరిపి, నివేదికను హైకోర్టుకు పంపేవాడు. తుది నిర్ణయము హైకోర్టుదే. న్యాయవాదుల సంఘానికి దీనిలో పాత్ర లేదు.

చిదంబరం పిళ్ళై ఏ కక్షిదారునూ మోసగించలేదు. ఆయనపై నిలిచిన నేరము రాజకీయ ప్రసంగాలకు సంబంధించినది. రాజకీయ నేరము వ్యక్తి గుణదోషాన్ని సూచిస్తుందా అన్న ప్రశ్న ఆ కాలపు న్యాయవాదులనేకులకు ఎదురైంది. 1922 మార్చిలో రాజద్రోహానికి శిక్షపడిన గాంధీ పేరును లండన్‌లోని ఇన్నర్ టెంపుల్ సంస్థ ఆ ఏడాది నవంబరు 10న తన జాబితా నుండి తొలగించింది. 1988లో మాత్రమే ఆ పేరును తిరిగి చేర్చింది.

పేదరికము

విడుదలైన తరువాత చిదంబరం పిళ్ళై కుటుంబముతో మద్రాసు చేరాడు. తెలిసిన వృత్తి చేసేందుకు వీలు లేక బియ్యము, నెయ్యి అమ్మకము వంటి చిన్న వ్యాపారాలు చేశాడు. ఇళ్ళు మారుతూ చింతాద్రిపేట, మైలాపూరు, పెరంబూరులలో నివసించాడు. దక్షిణాఫ్రికాలోని భారతీయులు ఆయన కొరకు విరాళము సేకరించి గాంధీకి అందించారు. ఆ సొమ్ము కొరకు చిదంబరం పిళ్ళై 1915, 1916లలో గాంధీతో పలుమార్లు ఉత్తర ప్రత్యుత్తరాలు జరపవలసి వచ్చింది.

1920 నాటి సహాయ నిరాకరణ కార్యక్రమములో కోర్టుల బహిష్కారము ఒక అంశము. టంగుటూరి ప్రకాశం, కొండా వెంకటప్పయ్య వంటివారు తమ వృత్తిని స్వచ్ఛందముగా విడిచారు. పన్నెండేళ్ళ ముందే వృత్తిని పోగొట్టుకున్న చిదంబరం పిళ్ళై ఈ కార్యక్రమముతో ఏకీభవించక కాంగ్రెసుకు దూరమయ్యాడు. 1927లో మరల కాంగ్రెసులో చేరాడు.

సన్నదు పునరుద్ధరణ

తొలగింపు అధికారము వలెనే తిరిగి చేర్చుకునే అధికారము కూడా హైకోర్టుదే. తిరునెల్వేలిలో పనిచేసి చిదంబరం పిళ్ళైను ఎరిగిన ఆంగ్లేయ న్యాయాధికారి ఈ.హెచ్.వాలెస్ చొరవతో సన్నదు తిరిగి వచ్చింది. కృతజ్ఞతగా తన చివరి కుమారునికి వాలేశ్వరన్ అని పేరు పెట్టుకున్నాడు. తరువాత కోవిల్‌పట్టిలోను, 1932 నుండి తూత్తుకుడిలోను వృత్తి చేశాడు. అయినా ఆర్థిక ఇబ్బందులు తీరలేదు. మరణశాసనములో తాను దుకాణాలకు తీర్చవలసిన బాకీలను వ్రాసిపెట్టాడు. 1936 నవంబరు 18న తూత్తుకుడి కాంగ్రెసు కార్యాలయములో మరణించాడు.

సాహిత్య సేవ

తిరుక్కురళ్‌కు వ్యాఖ్యానము వ్రాశాడు. తొల్కాప్పియంపై ఇళంపూరణర్ వ్యాఖ్యను పరిష్కరించి ప్రచురించాడు. ఆత్మకథను పద్యరూపములో వ్రాశాడు.

తరువాతి చట్టాలు

1926 నాటి బార్ కౌన్సిళ్ళ చట్టముతో హైకోర్టు న్యాయవాదులపై వచ్చిన ఆరోపణలను విచారించుటలో తోటి న్యాయవాదులకు స్థానము లభించింది. కాని తుది ఉత్తర్వు హైకోర్టుదిగానే ఉండిపోయింది. 1961 నాటి న్యాయవాదుల చట్టము నిర్ణయాధికారాన్ని రాష్ట్ర బార్ కౌన్సిళ్ళకు అప్పగించింది. ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ సంఘము ఇరుపక్షాలను విచారించి ఫిర్యాదును కొట్టివేయవచ్చు, మందలించవచ్చు, కొంతకాలము సస్పెండు చేయవచ్చు, లేదా జాబితా నుండి పేరు తొలగించవచ్చు. దీనిపై 60 రోజులలో భారత బార్ కౌన్సిల్‌కు, ఆపైన సుప్రీంకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు.

ఈ చట్టములో 1973లో చేర్చిన నిబంధన ప్రకారము నైతిక పతనముతో కూడిన నేరములో శిక్ష పడినవారు న్యాయవాదిగా నమోదుకు అనర్హులు. విడుదలైన రెండేళ్ళకు ఈ అనర్హత తొలగిపోతుంది. చిదంబరం పిళ్ళై కాలములో ఇటువంటి గడువు లేదు. తిరిగి వృత్తిలోనికి రావడము పూర్తిగా న్యాయమూర్తుల విచక్షణపైనే ఆధారపడి ఉండేది.

స్మారకాలు

1961లో బి.ఆర్.పంతులు దర్శకత్వములో శివాజీ గణేశన్ నాయకునిగా ఈయన జీవితముపై కప్పలోట్టియ తమిళన్ చిత్రము వెలువడింది. 1972లో భారత తపాలా శాఖ స్మారక బిళ్ళను విడుదల చేసింది. 2011లో తూత్తుకుడి రేవుకు వి.ఓ.చిదంబరనార్ పేరు పెట్టారు.