టికెట్ 25 సెంట్లు.. నష్టమంతా ఆయన జేబులోంచే! 37 ఏళ్లు బోస్టన్ సింఫనీని పోషించిన హిగ్గిన్సన్ కథ

హాలు నిండినా ఖర్చు తిరిగిరాని వ్యాపారం ఏదైనా ఉందంటే అది సింఫనీ ఆర్కెస్ట్రానే. వేదిక మీద పదుల సంఖ్యలో వాద్యకారులు.. అందరికీ జీతాలు.. ఒక్క కచేరీకి రోజుల తరబడి రిహార్సల్స్. టికెట్ ధర పెంచితే సామాన్యుడు రాడు, తగ్గిస్తే జీతాలకు సరిపోదు. ఈ లెక్క ఎప్పటికీ కుదరదని ముందే ఒప్పుకుని, ఆ లోటు తానే కడతానంటూ ముందుకొచ్చిన బ్యాంకర్ ఒకరున్నారు. ఆయనే హెన్రీ లీ హిగ్గిన్సన్. అమెరికాలోని ప్రఖ్యాత బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా వ్యవస్థాపకుడు.

సంగీతం నేర్చుకోవాలని వెళ్లి..

హిగ్గిన్సన్ 1834లో న్యూయార్క్‌లో పుట్టారు. పెరిగింది మాత్రం బోస్టన్‌లో. హార్వర్డ్‌లో చేరినా కంటి సమస్యతో చదువు మధ్యలోనే ఆపేశారు. సంగీతం మీద పిచ్చితో వియన్నా వెళ్లి కొన్నేళ్లు సాధన చేశారు. కానీ చెయ్యి దెబ్బతినడంతో వాద్యకారుడు కావాలన్న కల అక్కడే ఆగిపోయింది. అయితే అక్కడి ఆర్కెస్ట్రాలు మాత్రం ఆయన మనసులో ఉండిపోయాయి.

అమెరికాకు తిరిగొచ్చాక అంతర్యుద్ధంలో ఉత్తరాది తరఫున గుర్రపు దళంలో పోరాడారు. 1863లో ఆల్డీ దగ్గర జరిగిన పోరులో తీవ్రంగా గాయపడ్డారు. యుద్ధం ముగిశాక మిత్రులతో కలిసి జార్జియాలో పత్తి సాగు మొదలుపెడితే రెండేళ్లకే డబ్బంతా పోయింది. చివరికి 1868లో తండ్రి భాగస్వామిగా ఉన్న లీ హిగ్గిన్సన్ అండ్ కంపెనీలో చేరారు. నిజానికి ఆయనకు బ్యాంకింగ్ మీద పెద్దగా ఇష్టం లేదు. కానీ డబ్బు వచ్చింది అక్కడే.

పేపర్లో ఒక ప్రకటన

1881 మార్చి 30న బోస్టన్ పత్రికల్లో వచ్చిన ప్రకటన చూసి నగరం ఆశ్చర్యపోయింది. పూర్తి స్థాయి ఆర్కెస్ట్రా వస్తోంది. ఏడాదికి 20 కచేరీలు. ఒక్కో టికెట్ సీటును బట్టి 75 సెంట్లు లేదా 25 సెంట్లు. కచేరీకి ముందు జరిగే పబ్లిక్ రిహార్సల్‌కైతే 25 సెంట్లు ఇస్తే చాలు.

దీని వెనక ఆయన వేసుకున్న లెక్క చాలా సూటిగా ఉంది. 60 మంది వాద్యకారులతో ఏడాది ఖర్చు లక్ష డాలర్లు దాటుతుంది. టికెట్లతో అందులో సగం రావొచ్చు. మిగతా 50 వేల డాలర్ల దాకా లోటే. ఆ లోటు ఏటా పూడాలంటే దాని మీద వచ్చే వడ్డీతో నడిచేలా 10 లక్షల డాలర్ల మూలధనం ఉండాలి. అప్పటికి అంత సొమ్ము పక్కన పెట్టే పరిస్థితి లేదు. అందుకే ఏటా వచ్చే నష్టాన్ని తన సంపాదనలోంచే కట్టడానికి సిద్ధపడ్డారు. 1881 అక్టోబర్ 22న జార్జ్ హెన్షెల్ సారథ్యంలో తొలి కచేరీ జరిగింది.

జీతం ఇస్తా.. కానీ షరతులు వర్తిస్తాయి

ఆ రోజుల్లో వాద్యకారుల బతుకు రోజు కూలీ లాంటిదే. ఒక రాత్రి థియేటర్, ఇంకో రాత్రి డ్యాన్స్ హాలు, పగలు ట్యూషన్లు. అందరూ కలిసి సాధన చేసేదెప్పుడు? హిగ్గిన్సన్ అసలు జబ్బును ఇక్కడే పట్టుకున్నారు. రెండో సీజన్‌కు కొత్త ఒప్పందం తెచ్చారు. వారంలో బుధవారం నుంచి శనివారం దాకా వాద్యకారుల సమయం ఆర్కెస్ట్రాదే. ఆ రోజుల్లో డ్యాన్సులకు వాయించకూడదు, వేరే కండక్టర్ దగ్గర పనిచేయకూడదు.

దీంతో పెద్ద దుమారమే రేగింది. నగరంలోని సంగీతాన్నంతా ఒక్కడే గుప్పిట్లో పెట్టుకుంటున్నాడని పత్రికలు విరుచుకుపడ్డాయి. ఆ విమర్శలో కొంత నిజం లేకపోలేదు. కానీ స్థిరమైన జీతం రావడంతో వాద్యకారులు ఒక్కచోట కుదురుకున్నారు. 1884లో వచ్చిన కండక్టర్ విల్‌హెల్మ్ గెరికె సరిగా వాయించలేని వాళ్లను పక్కనపెట్టి, యూరప్ నుంచి కొత్తవాళ్లను తెచ్చారు. ఉద్యోగం పోయినవాళ్లకు అది చేదు అనుభవమే. కానీ ఆర్కెస్ట్రా స్థాయి మాత్రం మారిపోయింది.

సీజన్ ముగిశాక వాద్యకారులకు పని ఎలా? దానికీ దారి దొరికింది. 1885లో తేలికపాటి సంగీతంతో వేసవి కచేరీలు మొదలయ్యాయి. ఇప్పటి బోస్టన్ పాప్స్ పుట్టింది అలాగే. 1900లో సింఫనీ హాల్ తెరుచుకుంది. హార్వర్డ్ భౌతిక శాస్త్రవేత్త వాలెస్ సబైన్ ధ్వని లెక్కలు చూసిన ఆ హాలు నేటికీ ప్రపంచంలోని మేటి హాళ్లలో ఒకటి. 1903లో వాద్యకారులకు పెన్షన్ ఫండ్ కూడా వచ్చింది.

అయితే యూనియన్‌ను మాత్రం హిగ్గిన్సన్ దగ్గరకు రానివ్వలేదు. డబ్బు పెట్టేది తానే కాబట్టి ఆఖరి మాట కూడా తనదే కావాలన్నది ఆయన పట్టుదల.

ఒక్క గీతంతో తలకిందులు

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ పద్ధతే ఆయన మెడకు చుట్టుకుంది. అప్పటి కండక్టర్ కార్ల్ ముక్ జర్మనీలో పుట్టారు. 1917 అక్టోబర్ 30న ప్రావిడెన్స్ కచేరీలో అమెరికా దేశభక్తి గీతం వాయించాలని స్థానికులు కోరారు. హిగ్గిన్సన్, మేనేజర్ చార్లెస్ ఎలిస్ కలిసి ఆ వినతిని పక్కన పెట్టారు. ఆ సంగతి ముక్‌కు చెప్పనే లేదు. కానీ తెల్లారేసరికి నింద మాత్రం ఆయన మీద పడింది.

తర్వాత ప్రతి కచేరీలో ఆ గీతం వాయించినా జనం కోపం చల్లారలేదు. హిగ్గిన్సన్ నెలల తరబడి తన కండక్టర్‌ను వెనకేసుకొచ్చారు. కానీ 1918 మార్చిలో ముక్ అరెస్టయ్యారు. జార్జియాలోని నిర్బంధ శిబిరానికి పంపారు. 83 ఏళ్ల హిగ్గిన్సన్ కుంగిపోయారు. ఆ ఏడాదే ఆర్కెస్ట్రాను ట్రస్టీల బోర్డుకు అప్పగించి తప్పుకున్నారు. 1919 నవంబర్ 14న కన్నుమూశారు.

ఆయన పోయాక..

చెక్కు రాసే మనిషి లేకపోయేసరికి అసలు సమస్యలు బయటపడ్డాయి. 1920లో జీతాలు, యూనియన్ హక్కుల గొడవ సమ్మె దాకా వెళ్లింది. చాలామంది వాద్యకారులు బయటకు వెళ్లిపోయారు. ఆర్కెస్ట్రా యూనియన్‌లో చేరింది 1942లోనే. అమెరికా పెద్ద ఆర్కెస్ట్రాల్లో ఆఖరున చేరింది ఇదే.

ఇప్పటికీ అమెరికాలో ఏ పెద్ద ఆర్కెస్ట్రా కూడా టికెట్ల డబ్బుతోనే బతకడం లేదు. దాతల విరాళాలు, మూలనిధి మీద వచ్చే ఆదాయమే ఆ లోటు పూడుస్తున్నాయి. అంటే హిగ్గిన్సన్ 1881లో కాగితం మీద వేసిన లెక్కే ఇంకా నడుస్తోంది. కాకపోతే అప్పుడు ఒక్కరు మోసిన బరువును ఇప్పుడు వేలమంది పంచుకుంటున్నారు.