డోర్నకల్లు అధ్యక్షులు అజరయ్యగారు

కీర్తిశేషులైన పెద్దల చరిత్రములను మహాసభా సంచికయందు ప్రకటించుట మన సంఘమున ఆచారమైయున్నది. ఈ యేట మేము వ్రాయబూనిన మహనీయులు మన కులమున బుట్టినవారు కారు. మన భాషవారును కారు. అయినను ఓరుగల్లు సీమలోను కృష్ణాతీరమునను మన తాతల గుడిసెలకు నడచివచ్చి, వారి బిడ్డలచే పలక పట్టించి, తలయెత్తి నడువ నేర్పినవారిలో అజరయ్యగారు అగ్రగణ్యులు. మనలో హిందువులును గలరు, క్రైస్తవులును గలరు. ఒక్క యింటనే అన్నది యొక మతము, తమ్మునిది యొక మతమై యుండుట మనకు క్రొత్త కాదు. కావున మతభేదము నెంచక, పూర్వుల సొత్తును కాపాడుకొనుచునే రాబోవు కాలమునకు వలసిన యేర్పాటులు చేయుట యెట్లో యీ చరిత్రమువలన గ్రహింతురుగాక యని మా కోరిక.

వేదనాయకం సామ్యూల్ అజరయ్యగారు 1874 సం. ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి సీమలోని వెళ్లాలన్‌విళై యను చిన్న గ్రామమున జన్మించిరి. తండ్రిగారు ఆ యూరి సంఘమునకు గురువులు. హిందూమతమును వీడి క్రైస్తవులైనవారు. వారిది తాటిచెట్లను నమ్ముకొని బ్రదికిన నాడారు కులము. ఆ కాలమున వారికి గుడిలో ప్రవేశము లేదు. అవమానమననేమో పుస్తకమువలన గాక పుట్టుకవలననే యెఱిగిన యింట వీరు పెరిగిరి. పదునైదవ యేటనే తండ్రిని గోల్పోయి, తల్లి పెంపకమున, మిషను బడులలో చదివి, చెన్నపట్టణపు క్రైస్తవ కళాశాలలో జేరిరి. తుదిపరీక్ష సమయమున జబ్బుపడుటచే బి.ఏ. పట్టము చేతికి రాలేదు. అట్టివారికే 1920 సం.న కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు గౌరవపూర్వకముగ డాక్టరు బిరుదమొసగిరి. పరీక్ష తప్పినంతమాత్రమున బిడ్డ చెడిపోయెనని విలపించు తలిదండ్రులు, మాబోటి బడిపంతుళ్లును, ఈ సంగతిని మనసున నుంచుకొనదగును.

కళాశాల విడిచిన పిమ్మట 1895 మొదలు 1909 వఱకు వై.యం.సి.ఏ. యను క్రైస్తవ యువజన సమాజమున కార్యదర్శిగా దక్షిణదేశమంతయు సంచరించిరి. 1898 సం.న అన్బు మరియమ్మాళ్ అను విద్యావతిని వరకట్నము గొనక వివాహమాడిరి. 1902 సం.న యాళ్పాణము వెళ్లినప్పుడు అచటి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనముతో పరసీమలకు బోధకులను పంపుచుండుట చూచి సిగ్గుపడిరట. సముద్రము దాటివచ్చిన దొరలు పెట్టినది తినుచు కూర్చుండుటేగాని, మన చేతితో నొరులకు పెట్టుట యెన్నడని వారి హృదయము కలతజెందెను. మఱుసటి యేడు, అనగా 1903 సం.న, పాళయంకోటలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ వెలసెను. ధనము మనది, మనుష్యులు మనవారు, పెత్తనము మనది అనుటయే దాని మూలసూత్రము. 1905 సం. డిశెంబరు 25వ తేదీన శ్రీరాంపూరులో స్థాపితమైన నేషనల్ మిషనరీ సొసైటీకిని వీరే ముఖ్య కారకులలో నొకరు.

తిరునెల్వేలివారు తమ సేవకు ఎన్నుకొనిన క్షేత్రము నైజాము రాజ్యములోని డోర్నకల్లు. పెద్దయుద్యోగము విడిచి 1909 సం.న అజరయ్యగారే అచటికి గురువులై వచ్చిరి. అప్పటికి వారికి ముప్పదియైదేండ్లు. ఆ వయసున మన భాషను అక్షరమునుండి మొదలుపెట్టి, పల్లెటూరి ముసలమ్మకును బోధపడునట్లు మాటలాడ నేర్చిరి. మేము జీవితమంతయు పిల్లలకు వ్యాకరణము చెప్పినవారము; ముప్పది దాటినవానికి పరభాష యెంత కొఱకరాని కొయ్యయో మాకు దెలియును. ప్రేమ లేనిదే ఆ పని సాగదు.

1910 సం.న స్కాట్లండు దేశమున ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వీరు చేసిన ప్రసంగము పెక్కండ్రకు రుచింపలేదు. దొరలు చేసిన త్యాగమును కృతజ్ఞతతో గొనియాడి, ఆ వెంటనే, వారు మాకు సమస్తమును ఇచ్చిరి గాని సమానులుగ చేయిపట్టుకొను స్నేహమును ఈయలేదని, దానినే కోరుచున్నామని నిండుసభలో స్పష్టముగ జెప్పిరి. ఉపకారము పొందినవాడు ఉపకారి యెదుట నిజము పలుకుట సులభము కాదు. వీరికి అధ్యక్షపదవి నీయవలెనని మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్‌గారు తలపెట్టగా, తెల్లవారిలో గొందఱును, స్వదేశీయులలో గొందఱును అడ్డుపడిరి. స్వదేశీయుల యభ్యంతరమునకు కులమును ఒక కారణమని చెప్పుటకు సిగ్గగుచున్నది. తుదకు 1912 సం. డిశెంబరు 29వ తేదీన కలకత్తాలో వీరికి అభిషేకము జరిగెను. ఆంగ్లికను సంఘమున బిషప్ అయిన మొదటి భారతీయుడు వీరే.

చిన్నదిగా మొదలైన డోర్నకల్లు అధ్యక్షమండలము పిమ్మట కృష్ణాసీమవఱకు వ్యాపించి, వీరి తుదిదినములనాటికి రెండు లక్షలకు మించిన జనముగలదయ్యెను. అందు అధికులు మాలలు, మాదిగలు. పిమ్మట వారి నడవడిలోని మార్పును జూచి ఇతర కులములవారును వేలకొలదిగ వచ్చిచేరిరి. అజరయ్యగారు ఎడ్లబండిమీదను సైకిలుమీదను పల్లె పల్లె తిరిగెడివారు. బాప్తిస్మము పొందినవారిచేత తమ చేయి తమ నెత్తిన బెట్టుకొని, తాము విన్న సువార్తను ఇతరులకు చెప్పకున్న తమకు శ్రమ యని పలికించెడివారు. పుచ్చుకొన్నవాడు ఇచ్చువాడుకూడ కావలెనని దీని భావము.

ఇక పూర్వుల సొత్తు విషయమున వీరు చూపిన వివేకము మనకు మిక్కిలి యుపయుక్తము. క్రైస్తవుడైనవాడు తన పాటను, తాళమును, పండుగను పారవేసి దొరల వేషము వేయవలెనని వీరు తలపలేదు. తెలుగు కీర్తనలు, భజనలు, కోలాటములు, కోతకాలపు పండుగలు, ఇంటింట పిడికెడు బియ్యము తీసియుంచి సంఘమునకిచ్చు నియమము వీటినన్నిటిని ఆదరించిరి. అయితే పెద్దలనుండి వచ్చినదంతయు సొత్తే యని యెంచలేదు. కులభేదమును మాత్రము గడప దాటనీయలేదు. మాల మాదిగలు విడివిడిగ కూర్చుందుమన్నను, పైకులమువారు వేఱు పాత్ర కావలెనన్నను ఒప్పుకొనలేదు. ధాన్యమును గాదెలో పోయునప్పుడు తాలు తూర్పారబట్టుట రైతెఱిగిన పనియే గదా.

ఈ భావమునకు రాతిరూపమే డోర్నకల్లులోని ఎపిఫనీ మహాలయము. దేవాలయములను బోలిన శిలాస్తంభములు, మసీదులను దలపించు గుమ్మటములు, చెక్కిన తామరపూలు, వాటిపై సిలువ: చూచినవారికి అది పరదేశపు కట్టడమనిపించదు. ధనము చాలక ఏండ్ల తరబడి సాగిన యా పని 1939 సం. జనవరి 6వ తేదీన ప్రతిష్ఠకు వచ్చెను. నేడది తెలంగాణమున మహబూబాబాదు జిల్లాలో నున్నది.

గుడి కట్టుచునే వీరు గుడికంటె పెద్దదానికి పునాది త్రవ్విరి. ఇంగ్లండులో పుట్టిన తగవులను మన పల్లెలలో నాటి, ఒక్క వీథిలో మూడు శాఖలుగ చీలియుండుట పాపమని వీరి నిశ్చయము. 1919 సం.న తరంగంబాడిలో వివిధ శాఖల గురువులను సమావేశపఱచి ఐక్యతకు నాంది పలికిరి, 1927 సం.న లోజాన్ మహాసభలోను దానికై వాదించిరి. రాజకీయములందును వీరి మార్గమిదియే. 1932 సం.న ప్రభుత్వమువారు క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములీయగా, అది మనలను తక్కిన జనమునుండి వేఱుచేయునని వ్యతిరేకించిరి. గాంధీమహాత్ముడు హరిజనుల సామూహిక మతాంతరమును ఆక్షేపించినప్పుడు మాత్రము, పేదవానికిని తన ఆత్మ విషయమున తానే నిర్ణయించుకొను హక్కు గలదని వెనుదీయక నిలిచిరి.

1945 సం. జనవరి 1వ తేదీన డోర్నకల్లులో అజరయ్యగారు పరమపదించిరి. 1947 సం. సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము అవతరించెను. ఇరువదియైదేండ్లకు పైగా పాటుపడినవారు పంటను కన్నులార చూడలేదు. కాని తాత నాటిన చింతచెట్టు నీడను మనుమడు కూర్చుండుట లోకధర్మమే గదా!

సంఘీయులారా, పోషకులారా! మనదియు కులము పేరిట కూడిన సభయే. కులమే గోడయని యెంచిన మహానుభావుని కథను ఇచట చెప్పుట విపరీతముగ దోచవచ్చును. అందులకే చెప్పితిమి. మన పెద్దల పాటలను, డప్పును, పనితనమును, వారు పడిన బాధల జ్ఞాపకమును కాపాడుకొందము; మనలో నొకనికంటె నొకడు తక్కువ యను తాలును మాత్రము తూర్పారబట్టుదము. ఒరులిచ్చు చందాలకు చేయి చాపుటతో తృప్తిపడక, ఇంటింట పిడికెడు బియ్యము తీసి మన బిడ్డల చదువునకు నిలుపుదము. అటుల చేసిననాడు ఈ సభ కులమునకు కోటగాక, దేశమునకు వాకిలి యగును. సర్వేశ్వరుడు మనకట్టి బుద్ధిని ప్రసాదించుగాక.