తరిమెల నాగిరెడ్డి: ఎవరూ లాక్కోలేని హక్కు ఏది?

అనంతపురం అంటే కరువు సీమ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే దిక్కు. వాన తప్పితే భూమి ఉన్న రైతు అప్పు చేస్తాడు, భూమి లేని కూలీ ఊరే వదిలిపోతాడు. అలాంటి చోట స్వేచ్ఛ, సమానత్వం, సంతోషం అనే మాటలకు అర్థం ఏమిటి? తరిమెల నాగిరెడ్డి జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ఆయన 1917 ఫిబ్రవరి 11న తరిమెల గ్రామంలో పెద్ద భూస్వామి ఇంట్లో పుట్టారు. మద్రాసు లయోలా కాలేజీలో, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి కమ్యూనిస్టు అయ్యారు. యుద్ధం ఆర్థిక వ్యవస్థను ఎలా దెబ్బతీస్తుందో 1940లో పుస్తకం రాస్తే బ్రిటిష్ ప్రభుత్వం జైల్లో పెట్టింది. తన వాటా భూమిని పేదలకు పంచేశారు.

1952 ఎన్నికల్లో అనంతపురంలో ఆయన ఓడించింది పరాయివాణ్ణి కాదు, సొంత బావ నీలం సంజీవరెడ్డిని. 1957లో లోక్‌సభకు వెళ్లారు. తర్వాత మళ్లీ అసెంబ్లీకి గెలిచారు. కానీ చేతిలో సెంటు భూమి లేనివాడికి ఓటు, సమానత్వం కాగితం మీదే ఉంటాయని ఆయన వాదన. 1969లో శాసనసభ్యత్వానికి రాజీనామా చేసి విప్లవ దారి పట్టారు. ఆ దారిని ఒప్పుకోనివాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కుట్ర కేసులో ఆయన కోర్టుకు ఇచ్చిన వాంగ్మూలమే తర్వాత 'తాకట్టులో భారతదేశం' పుస్తకమైంది.

1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. సమానత్వం, ప్రాణం, వ్యక్తి స్వేచ్ఛ, అరెస్టుల నుంచి రక్షణ... వీటి కోసం కోర్టు మెట్లెక్కే దారిని రాష్ట్రపతి ఉత్తర్వు మూసేసింది. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు కూడా అది సరేనంది. అయిదుగురు న్యాయమూర్తుల్లో హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే ఒప్పుకోలేదు. ప్రాణం, స్వేచ్ఛ రాజ్యాంగం పెట్టిన భిక్ష కాదని ఆయన నమ్మారు.

సరిగ్గా మూడు నెలలకు, జూలై 28న, అజ్ఞాతంలో ఉన్న నాగిరెడ్డి హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో కన్నుమూశారు. కాగితం మీది హక్కులు పేదవాడి కడుపు నింపవని చెప్పిన మనిషి, ఆ కాగితాన్ని కూడా పక్కన పడేసిన కాలంలో దాక్కునే చనిపోయారు. అన్నం లేని స్వేచ్ఛ సగమే. కానీ స్వేచ్ఛ పోతే అన్నం అడిగే నోరు కూడా మూతపడుతుంది.

కథ అక్కడితో ఆగలేదు. 1977లో సంజీవరెడ్డి రాష్ట్రపతి అయ్యారు. 44వ రాజ్యాంగ సవరణకు 1979 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది ఆయనే. ఇకపై ఎమర్జెన్సీలోనూ ప్రాణం, వ్యక్తి స్వేచ్ఛలకు కోర్టు తలుపు మూయకూడదని ఆ సవరణ చెప్పింది. ఆస్తిని ప్రాథమిక హక్కుల నుంచి తీసేసింది కూడా అదే. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 1976 నాటి తీర్పు తప్పని తేల్చింది.

'హక్కు' అనే మాట అరబీలో పుట్టి ఉర్దూ మీదుగా మన తెలుగులోకి వచ్చింది. అరబీలో దానికి సత్యం అనే అర్థం కూడా ఉంది. సర్కారు మారినా, చట్టం మారినా, సత్యం మారదు కదా. మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు ఉన్న హక్కు కూడా అంతే.