మార్టిన్ లూథరు చరిత్రము

దేహావసానమున జీవునకు గలుగు గతి యెట్టిది? పరలోకమున కర్హుడెవ్వడు? ఈ ప్రశ్న లన్ని మతములలోను గలవు. వైష్ణవాచార్యులలో దీనినిగూర్చి రెండు న్యాయములు ప్రసిద్ధములు. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా బట్టుకొనవలెను, ఇది మర్కటకిశోరన్యాయము. పిల్లిపిల్లను తల్లియే నోట గఱచుకొని పోవును, ఇది మార్జాలకిశోరన్యాయము. జీవుని ప్రయత్నము కొంత వలయునా, దైవకృపయే చాలునా యనునదే యిందలి వివాదము. ఇట్టి వివాదమే క్రైస్తవులలో బుట్టి పశ్చిమైరోపా సంఘమును రెండుగా జీల్చినది. అందులకు గారణభూతుడైన మార్టిన్ లూథరు చరిత్రమును సంగ్రహముగా విన్నవించుచున్నాను.

లూథరు 1483వ సంవత్సరము నవంబరు 10వ తేదీని జర్మనీదేశమునందలి ఐస్లెబెను పట్టణమున జన్మించెను. తండ్రి హాన్సు రాగిగనుల వ్యాపారమున గష్టించి పైకి వచ్చినవాడు. కుమారుడు న్యాయవాది కావలెనని యాతని కోరిక. లూథరు ఎర్ఫర్టు విశ్వవిద్యాలయమున 1505లో ఎం. ఏ. పట్టము బొంది న్యాయశాస్త్రమున బ్రవేశించెను. ఆ యేట జూలై 2వ తేదీని దారిలో గాలివాన పట్టుకొని పిడుగు సమీపమున బడగా, నాతడు ప్రాణభీతుడై, బ్రదికినచో సన్న్యసింతునని పునీత అన్నమ్మకు మ్రొక్కుకొనెను. పదునైదు దినములకే అగస్టీనుమఠమున జేరెను. తండ్రి మిక్కిలి కోపించెను.

మఠమున నాతడు చేయని తపస్సు లేదు. ఉపవాసములు, జాగరణములు, గంటలకొలది పాపసంకీర్తనములు నాచరించియు శాంతి గనలేకపోయెను. చెప్పిన పాపములకు క్షమ గలుగును; మఱచినవాని గతి యేమి? చేసిన పశ్చాత్తాపము చాలినదని తెలియు టెట్లు? దేవుడు న్యాయాధిపతి గదా యని యాతని హృదయము కంపించుచుండెను. 1512లో దైవశాస్త్రమున డాక్టరు పట్టము వడసి విట్టెన్‌బర్గు విశ్వవిద్యాలయమున నుపాధ్యాయుడై, కీర్తనలకును, పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికకును వ్యాఖ్యానము చెప్పసాగెను. అచ్చటి దేవుని నీతి యను పదమున కర్థమేమి? పాపిని శిక్షించు నీతియని తొలుత దలచి భయపడినవాడు, విశ్వసించినవానికి దేవుడు దయచేయు నీతియని పిదప గ్రహించెను. ఒక్క పదముయొక్క యర్థమువలన మనుష్యుని బ్రదుకు మాఱినది.

ఆ కాలమున రోమను సంఘబోధ యిట్లుండెను. గురువునొద్ద పాపము నొప్పుకొన్నచో దోషము తొలగును గాని తగిన శిక్ష కొంత మిగులును. ఇహమున దీరనిదానిని మరణానంతరము ఉత్తరించు స్థలమున ననుభవించి, శుద్ధుడై పరలోకమునకు బోవలెను. పునీతుల పుణ్యనిధినుండి తీసి యా శిక్షను దగ్గించు నధికారము పోపునకు గలదు. అందులకై పాపపరిహారపత్రముల నిచ్చుచుండిరి. పదవపోపు లియో రోమునగరమున పునీతపేతురు దేవాలయనిర్మాణమునకై యీ పత్రముల నమ్మించెను. మైన్జు ఆర్చిబిషప్పు ఆల్బ్రెక్టు తన పదవికై ఫుగ్గరు షాహుకార్లయొద్ద జేసిన యప్పు దీర్చుటకు వచ్చినదానిలో సగము దీసికొనుచుండెను. టెట్జెలను సన్న్యాసి యూరూర నమ్ముచుండగా, బీదవారుసైతము చచ్చిన తల్లిదండ్రుల విడుదలకై కూడబెట్టిన కాసులు దెచ్చి పెట్టెలో వేయుచుండిరి.

ఇది చూచి లూథరు సహింపలేక 1517వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీని 95 సూత్రములు వ్రాసి యార్చిబిషప్పునకు బంపెను. అచ్చుయంత్రముల మూలమున నవి కొలది కాలములోనే జర్మనీ యంతట వ్యాపించెను. 1520లో పోపు శాసనము పంపి యాతని వాక్యములలో 41 దోషయుక్తములనగా, లూథరు ఆ శాసనమును డిసెంబరు 10న నగ్నిలో వైచెను. 1521 జనవరి 3న పోపు వెలివేసెను. సంఘమునకు వెలుపల రక్షణ లేదని నమ్మిన కాలమున వెలి యనగా నిహపరములు రెండును బోవుట. ఆ యేప్రిలులో వర్మ్సు సభయందు అయిదవ చార్లెసు చక్రవర్తి యెదుట నిలిచియు నాతడు తన మాట మరలించుకొనలేదు. సాక్సనీ ప్రభువు వార్ట్‌బర్గు కోటలో దాచగా, నచ్చటనే క్రొత్త నిబంధనమును దేశభాషలోనికి దెచ్చెను. అది 1522లోను, సంపూర్ణ బైబిలు 1534లోను వెలువడెను.

ఆతని సిద్ధాంతమిది: మోక్షము క్రయవస్తువు గాదు, కూలియు గాదు, క్రీస్తునందలి విశ్వాసముచేత లభించు దానము. అట్లయిన సత్కర్మములేల యని కొంద ఱాక్షేపించిరి. చెట్టు మంచిదైనచో ఫలములు మంచివగును గాని, ఫలములు చెట్టును మంచిదానినిగా జేయవని యాతని సమాధానము. రోమను సంఘమువారు ట్రెంటు సభలో 1547న, కృపయే మొదటిదైనను మనుష్యుడు దాని కంగీకరించి తోడుపడవలెనని నిర్ణయించిరి.

దోషములను దాచుట చరిత్రకారునకు దగదు. 1525లో రైతులు తిరుగబడగా వారిని నిర్దయగా జంపుడని ప్రభువులను బ్రోత్సహించెను. 1543లో యూదులపై నతిక్రూరమైన గ్రంథము వ్రాసెను. కృపను బోధించినవాడే కృపను మఱచుట శోచనీయము. అయినను 1524లో బాలురకే గాక బాలికలకును బాఠశాలలు పెట్టుడని పట్టణాధికారులకు వ్రాసిన మేలు మఱవరానిది. 1525లో కాతరీనాను బెండ్లాడి యార్గురు బిడ్డలను గనెను. 1542లో పదుమూడేండ్ల కూతురు మాగ్డలేనా కన్నుమూసినప్పుడు, ఆమె పరలోకమును జేరెనని దృఢముగా నమ్మియు దండ్రియై విలపించెను. 1546 ఫిబ్రవరి 18న జన్మస్థలమైన ఐస్లెబెనులోనే యాతడు మరణించెను.

ఆతని మతస్థులు 1842లో గుంటూరున మిషను స్థాపించుటచే నీ చరిత్రము తెలుగునాటికిని సంబంధించినదయ్యెను. 1999 అక్టోబరు 31న ఔగ్స్‌బర్గులో లూథరను, రోమను సంఘములవారు కృపవిషయమున నేకాభిప్రాయపత్రముపై సంతకములు చేసిరి. నాలుగువందలయేండ్లకు మించిన కలహ మట్లు కొంత శమించినది.

దాతలగు పెద్దలారా! పరలోకమున కిది వెల యని యిచ్చినది బేరమగును. పొరుగువాని యక్కఱ చూచి యిచ్చినది దానమగును. ఏ మతమువారమైనను లూథరు చరిత్రమునుండి గ్రహింపదగిన భేదమిదియే.